లేబుల్ మీద ఊరి పేరు

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం, పుస్తకప్రియుల కూడికలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మన ఊళ్ళో ఏ సభకెళ్ళినా ముందు వరుస ఖాళీయే. సినిమాహాలు అలవాటు, ముందు కూర్చుంటే నేల టిక్కెట్టు అనుకుంటారని భయం కాబోలు.

ముందొక మాట అడుగుతాను. బందరు రోడ్డు మీద మ్యూజియం ఉందని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు ఎంతమంది? సరే, దించండి, లెక్కపెట్టడానికి నా ఒక్క చేతి వేళ్ళు సరిపోయాయి. సిగ్గుపడక్కర్లేదు, నేనూ ఆ బాపతే. కాలేజీలో చరిత్ర చదువుతూ మూడేళ్ళపాటు రోజూ ఆ గేటు ముందునుంచే సిటీ బస్సులో వెళ్ళాను. ఒక్కరోజూ దిగలేదు. చివరికి దిగింది కూడా చరిత్ర మీద ప్రేమతో కాదు. రోహిణీ కార్తె, మిట్టమధ్యాహ్నం, బస్సు చెడిపోయింది. బెజవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? నీడ కనబడితే చాలని లోపలికి దూరాను.

లోపల చల్లగా ఉంది. ఎవరూ లేరు. ఎదురుగా తెల్లరాతి బుద్ధుడు నిలబడి ఉన్నాడు. కుడి భుజం మీద గుడ్డ లేదు. ఎడమ భుజం మీదనుంచి జారిన చీవరం ముడతలు ముడతలుగా కిందికి దిగింది. ఆ ముడతలు చూస్తే మా తాతయ్య పంచె గుర్తొచ్చింది నాకు. పాదాల పైన అంచు మాత్రం బరువుగా, లావుగా చుట్టుకుని ఉంది. ఆ బరువైన అంచు ఆంధ్రదేశపు బుద్ధుడి గుర్తని తర్వాత చదువుకున్నాను. అప్పుడు మాత్రం నేను చూసింది బొమ్మ పక్కనున్న చీటీ. అల్లూరు, 3-4 శతాబ్దాలు అని ఉంది. నందిగామ వైపు అల్లూరు! ఆ దారిన పెళ్ళికెళ్ళాను, లారీలో. పప్పుచారు బాగుందని గుర్తుందిగానీ, ఆ మట్టి కింద పదిహేడు వందల ఏళ్ళ నాడే ఎవరో ఇంత సన్నగా ఉలి పట్టారని నాకెవరూ చెప్పలేదు.

అప్పటినుంచి నాకొక అలవాటు. ఏ మ్యూజియంకెళ్ళినా ముందు బొమ్మ చూడను, లేబుల్ మీద ఊరి పేరు చూస్తాను. ఎక్కడ పుట్టింది, ఎంత దూరం నడిచి ఇక్కడికొచ్చింది అని లెక్కేసుకుంటాను. ఇవాళ మీతో మాట్లాడదల్చుకుంది అంతే, రాళ్ళ ప్రయాణాల గురించి.

ముందు ఆ ఇంటి సంగతి. ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నాం. మొన్నమొన్నటిదాకా విక్టోరియా జూబిలీ మ్యూజియం. పెద్దవాళ్ళు ఇంకా విక్టోరియా మ్యూజియం అనే అంటారు, ఆటోవాళ్ళక్కూడా అలా చెప్తేనే తెలుస్తుంది. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్ళు అయిన సందర్భంగా 1887 జూన్ 27న దీనికి శంకుస్థాపన జరిగింది. అప్పటి బెజవాడను ఊహించుకోండి. జిల్లా రాజధాని బందరు, మనది కాలవల మీద బతికే ఊరు. ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. కృష్ణ మీద రైలు వంతెన ఇంకా లేదు, అది 1893లో గానీ రాలేదు. మునిసిపాలిటీ కూడా లేదు, అది 1888 ఏప్రిల్‌లో వచ్చింది. అంటే మన మునిసిపాలిటీ కంటే ఈ భవనం పునాది తొమ్మిది నెలలు పెద్దది. పన్నులు కట్టడం కంటే ముందే మనం మ్యూజియం కట్టడం మొదలుపెట్టామన్నమాట. (నవ్వులు)

పునాదిరాయి వేసింది రాబర్ట్ సూయెల్, అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. విజయనగర సామ్రాజ్యం మీద పుస్తకం రాసిన సూయెల్ ఈయనే. అంతకంటే మనకు ముఖ్యమైంది, 1877లో అమరావతి దిబ్బ, అంటే పాత బౌద్ధ స్తూపం శిథిలాల దిబ్బ, తవ్వించిందీ ఈయనే. ఈయనకొక నమ్మకం ఉండేది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఈ దేశానికి వచ్చి, నగరానికి తూర్పు కొండ మీద ఒక సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల విహారం, పడమటి కొండ మీద ఒకటి ఉన్నాయని రాశాడు కదా, ఆ నగరం అమరావతి కాదు, మన బెజవాడే అని సూయెల్ వాదించాడు. ఆయనకంటే ముందు ఫెర్గూసన్ అనే పండితుడు కూడా అదే అన్నాడు. ఆ యాత్రికుడు చెప్పిన ధాన్యకటకం అంటే అమరావతి, ధరణికోటలే అన్నది ఇప్పుడు తేలిపోయిన విషయం, శాసనాలు ఉన్నాయి. వాళ్ళ వాదన నిలవలేదు. అయినా నాకు ఆ పొరపాటు ముచ్చటగా ఉంటుంది. ఒకవైపు ఇంద్రకీలాద్రి, ఇంకోవైపు మొగల్రాజపురం కొండ, మధ్యలో ఊరు. మన కొండల్ని చూసి అంత పెద్ద ఊహ చేసినవాడే ఈ భవనానికి పునాది వేశాడు. మనమేమో ఆ కొండల్ని చూసి ప్లాట్ల ధర అడుగుతాం.

ఇప్పుడు అసలు కథకొస్తాను. అమరావతి గురించి మాట్లాడకుండా మన ప్రాంతంలో మ్యూజియం అన్న మాట ఎత్తలేం. 1797లో సర్వేయరు కల్నల్ మెకంజీ ఆ దిబ్బ చూశాడు. అప్పటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త ఊరు కడుతున్నారు. ఊరికి రాళ్ళు కావాలి, పక్కనే దిబ్బ నిండా చెక్కిన రాళ్ళు. ఇక చెప్పేదేముంది? మెకంజీ 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేసి ఉంది. వెంటనే మనుషుల్ని పెట్టి మిగిలిన రాళ్ళకు బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్ళు చాలావరకు ఇప్పుడు లేవు. కాగితం మిగిలింది, రాయి పోయింది. మెకంజీ వెనక మన ఏలూరు కుర్రాళ్ళున్నారు, కావలి సోదరులు. బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు. ఊరూరా తిరిగి శాసనాలు, కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు) పోగుచేసింది వాళ్ళే. దొర పేరు అందరికీ తెలుసు, వీళ్ళ పేరు అడిగితే పరీక్ష రాసేవాళ్ళు తప్ప ఎవరూ చెప్పరు.

రాయి పోయింది అన్నాను. ఎక్కడికి పోయింది? కొంత గోడల్లోకి, మెట్లలోకి. చాలావరకు బట్టీలోకి. అమరావతి రాయిని పాలరాయి అని పుస్తకాల్లో రాస్తారుగానీ అది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది, జాగ్రత్తగా చూస్తే. ఉలికి చక్కగా లొంగుతుంది, అందుకే ఆ బొమ్మల్లో గాజులు కూడా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. కానీ ఆ మంచిగుణమే దాని ప్రాణం తీసింది. సున్నపురాయిని కాలిస్తే సున్నం అవుతుంది. పిడుగురాళ్ళ వైపు వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఇప్పటికీ బట్టీలు కనిపిస్తాయి. ఈ జాతి రాయే ఇవాళ జగ్గయ్యపేటలో, మాచర్లలో సిమెంటు అవుతోంది. ఆనాడు బుద్ధుడి జాతక కథలు కాలి సున్నమై ఎవరి ఇంటి గోడకో పూతగా ఎక్కాయి. కొన్ని తాంబూలంలోకి కూడా వెళ్ళుంటాయి. ఎవర్ని తిడతాం? వాళ్ళకది బుద్ధుడని తెలియదు, దీపాల దిన్నె అని పేరు పెట్టుకున్నారు. దిబ్బలో రాయి దొరికింది, వాడుకున్నారు.

కాలకుండా మిగిలినవి ప్రయాణం కట్టాయి. కొన్నింటిని రాబర్ట్‌సన్ అనే కలెక్టరు బందరుకు తరలించి కొత్తగా కట్టిన బజారు చౌకులో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మరికొన్ని మద్రాసుకు పంపాడు. అక్కడ చాలాకాలం ఎండకు ఎండి వానకు తడిసి, 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. లండన్‌లో రాజమర్యాద జరిగిందనుకుంటున్నారా? ఫెర్గూసన్ 1867లో వెతుక్కుంటూ వెళ్తే ఒక బంగళాలో బండ్లు పెట్టే కొట్టంలో పడున్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరాయి. ఇప్పుడు అద్దాల గదిలో ఉన్నాయి. ఇక 1880లో మద్రాసు గవర్నరు హుకుంతో దిబ్బ మొత్తం తవ్విపారేశారు. ఆ తర్వాత బర్జెస్ అనే పురావస్తు అధికారి వచ్చి చూసేసరికి దిబ్బ ఉన్నచోట గొయ్యి మిగిలింది.

లండన్‌లో ఉన్నవాటిలో ఒక పలక గురించి చెప్పాలి. దానికి రెండువైపులా బొమ్మలున్నాయి. ఒకవైపు పాతది, క్రీస్తుకు ముందటి కాలంది. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ భక్తులు. బుద్ధుణ్ణి మనిషిగా చెక్కడం ఇంకా అలవాటు కాలేదు, ఆసనం ఖాళీగా ఉంటేనే ఆయన ఉన్నట్టు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఎవరో శిల్పి అదే పలకను వెనక్కి తిప్పి, అటువైపు ఏకంగా స్తూపాన్నే చెక్కాడు. సింహాలు, ప్రాకారం, పైన ఎగిరే దేవతలు, కిక్కిరిసిపోయి ఉంటుంది. అమరావతి స్తూపం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనకు చెప్పేది ముఖ్యంగా ఇలాంటి పలకలే. ఈ తిప్పి వాడుకోవడం అన్న సంగతి పక్కన పెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

మద్రాసు ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నవాటిలో నాకు ప్రాణం నలగిరి ఏనుగు పతకం. గుండ్రటి చట్రంలో ఒక ఊరి వీధి. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు మనుషుల్ని తొక్కుకుంటూ వస్తోంది. జనం పరుగులు. ఒకావిడ భయపడి పక్కవాణ్ణి గట్టిగా పట్టుకుంది. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు, అచ్చం మన వన్‌టౌన్‌లో ఊరేగింపు వెళ్తుంటే చూసినట్టే. అదే చట్రంలో కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. ఒకటే బొమ్మ, రెండు క్షణాలు. సినిమావాళ్ళు కట్ చేసి చూపించేది ఆ శిల్పి రెండో శతాబ్దంలోనే కట్ లేకుండా చూపించాడు. మా ఇంట్లో దాని ఫోటో ఉంది. మా మనవరాలు చూసి, "తాతయ్యా, ఇందులో రెండు ఏనుగులున్నాయి" అంది. రెండు కాదమ్మా ఒకటే అని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది.

భట్టిప్రోలు కూడా ఇంతే. 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే రాతి కరండాలు, అంటే ధాతువులు దాచే పెట్టెలు, దొరికాయి, వాటి మీద అక్షరాలు. తెలుగు లిపి పుట్టుక గురించి మాట్లాడే ప్రతివాడూ భట్టిప్రోలు పేరెత్తుతాడు. కుబీరకుడనే రాజు పేరు కూడా వాటి మీదే ఉంది. కరండాలు మద్రాసులో ఉన్నాయి. జగ్గయ్యపేట మాంధాత చక్రవర్తి పలక, అదీ మద్రాసే. చెయ్యి చాపితే రూపాయలు వానలా కురుస్తాయి ఆ బొమ్మలో, చౌకగా వచ్చే ఐశ్వర్యం. అది కూడా మన దగ్గర నిలవలేదు. (నవ్వులు)

మరి మన దగ్గర నిలిచిందేమిటి? అక్కడికే వస్తున్నాను. 1962లో పురావస్తు శాఖ ఈ జూబిలీ భవనంలో మ్యూజియం పెట్టింది. దూరప్రయాణం కట్టనివి, పొలాల్లో, కాలవ తవ్వకాల్లో, గుడి వెనక పొదల్లో బయటపడ్డవి ఇక్కడికి చేరాయి. నల్లరాతి పెద్ద బుద్ధుడు, అల్లూరు తెల్లరాతి బుద్ధుడు, మహిషాసురమర్దిని, శాసనాలు, కత్తులు, పాత్రలు. 2020 అక్టోబరు 1న మళ్ళీ కొత్తగా తెరిచారు, డిజిటల్ తెరలు వచ్చాయి. పిల్లలు ముందు తెరల దగ్గరికే పరిగెత్తుతారు. పరిగెత్తనివ్వండి, వాళ్ళకీ ఒక ఎండ మధ్యాహ్నం వస్తుంది.

ఈ భవనానికి ఇంకో కథ ఉంది, అది చెప్పకపోతే ఇక్కడున్న పెద్దలు నన్ను దిగనివ్వరు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1, బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెస్‌లో కోటి మంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు, ఇవన్నీ ఇక్కడ అనుకున్నవే. అప్పుడే బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా అందించారు. ఎరుపు, ఆకుపచ్చ. తెలుపు చేర్చమన్నది గాంధీగారు. ఆ అందించడం ఈ భవనంలోనే జరిగిందని బెజవాడలో తరతరాలుగా చెప్పుకుంటారు. రాణిగారి జూబిలీ కోసం కట్టిన ఇంట్లో రాణిగారి రాజ్యాన్ని సాగనంపే జెండా! వెంకయ్యగారికి జపాన్ వెంకయ్య, పత్తి వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని పేర్లు. పత్తి సాగు నుంచి వజ్రాల దాకా ఆయన చెయ్యి పెట్టనిది లేదు. ఆయన 1963 జులై 4న ఈ ఊళ్ళోనే, లేమిలోనే పోయారు. అప్పటికి ఈ భవనంలో మ్యూజియం మొదలై ఏడాది.

రాళ్ళ ప్రయాణాలు అన్నాను కదా, ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరస్వామి ఆవరణలో చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనస్తంభం ఉంది. 10వ శతాబ్దం మొదటి సగం, మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలు, నన్నయకు వందేళ్ళ ముందటి తెలుగు. అది మ్యూజియంలోకి రాలేదు, దాని చోట అదే ఉంది. అందులో కథ ఏమిటంటే, పండితులు చెప్పిన అర్థం ప్రకారం, చేబ్రోలు నుంచి కుమారస్వామి ఇక్కడ జాతరకొచ్చాడు. ఊరు నచ్చింది. ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకు గుడి కట్టించారు. గుంటూరు జిల్లానుంచి ఏదో పనిమీద వచ్చి బెజవాడలో స్థిరపడ్డవాళ్ళు ఈ హాల్లో సగంమంది ఉంటారు, మీకు ముందు దారి వేసింది కుమారస్వామి! (నవ్వులు, చప్పట్లు)

అందుకే చిన్న మ్యూజియం అని దీన్ని తక్కువ చెయ్యొద్దంటాను. లండన్‌లో అమరావతి పలక ముందు నిలబడ్డవాడికి అమరావతి ఒక పదం, అంతే. మనకు ఇక్కడ లేబుల్ మీద ఉన్న ఊరికి బస్సు ఉంది. పొద్దున బొమ్మ చూసి, మధ్యాహ్నానికి అది దొరికిన చోట నిలబడొచ్చు. ఆ వాగు, ఆ నేల రంగు, ఊరికీ కృష్ణకూ ఎంత దూరమో, ఇవన్నీ కలిస్తేనే బొమ్మ అర్థమవుతుంది. ఘంటసాల వెళ్ళండి, రేవు వర్తకం చేసిన ఊరు ఇంత లోపల ఎందుకుందా అని మీకే అనుమానం వస్తుంది. ఉండవల్లి, మొగల్రాజపురం గుహలకు టిక్కెట్టు కంటే ఆటోకే ఎక్కువవుతుంది.

టైమ్ అయిపోయిందని చీటీ పంపారు. ఒక్క సొంత సంగతి చెప్పి దిగిపోతాను.

మా అమ్మమ్మగారి ఊళ్ళో, పేరు చెప్పను, పెరట్లో బావి పక్కన బట్టలుతికే బండ ఒకటుండేది. మా అత్తయ్య, అంటే మేనమామ భార్య, కాపురానికొచ్చిన రోజునుంచి దాని మీదే ఉతికింది. బావి గట్టు కూలి కొత్తగా కట్టేటప్పుడు బండను పక్కకు దొర్లించారు. అడుగువైపు చూస్తే అర తామర పువ్వు! రేకులు రేకులుగా, పుప్పొడి చుక్కలతో సహా. స్తూపం ప్రాకారపు స్తంభాల మీద ఉంటుందే, అలాంటిది. నేను పరిగెత్తుకెళ్ళాను. మ్యూజియంకి ఇచ్చేద్దామన్నాను. అత్తయ్య చీరకొంగు బిగించి, "ఇచ్చేసి నేనెక్కడ ఉతుక్కోను రా? నీ మ్యూజియంకొచ్చి ఉతుక్కోనా?" అంది. న్యాయమైన ప్రశ్న. అదే కొలతకు మాచర్ల నాపరాయి తెప్పించి వేయిస్తేగానీ ఒప్పుకోలేదు. ఆ నాపరాయి జారుతోందని తర్వాత ఏడాదిపాటు నన్ను సాధించింది.

బండ ఒక మ్యూజియంకి చేరింది, ఏదో అడగొద్దు. కొన్నాళ్ళకు అత్తయ్యను తీసుకెళ్ళాను చూపించడానికి. ఎత్తయిన దిమ్మ మీద పెట్టి, లైటు వేసి, తామర పువ్వు కనబడేలా నిలబెట్టారు. వెనకవైపు గోడకు ఆనించేశారు. లేబుల్ మీద మా ఊరి పేరులో దీర్ఘం ఎగిరిపోయింది. ఆవిడ నాలుగో క్లాసు చదువుకుంది, కూడబలుక్కుని చదివి, "ఇదే ఊరు రా? మనది కాదే" అంది. దీర్ఘం సంగతి చెప్పాను. తర్వాత బండ చుట్టూ తిరగబోయింది, గోడ అడ్డం. వేళ్ళు సందులోకి పోనిచ్చి వెనకవైపు తడిమింది. అక్కడ బండ నున్నగా, కాస్త గుంటపడి ఉంటుంది, నాకు తెలుసు. అటెండరు ముట్టుకోకూడదమ్మా అన్నాడు.

"నలభై ఏళ్ళు ముట్టుకున్నాన్లే నాయనా," అంది. నావైపు తిరిగి, "ఇటువైపు అరగదీసింది నేను కదరా, అదెందుకు చూపించరు?" అంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. టీ కూడా వచ్చినట్టుంది.